తోలు మందం

"నడుం బిగించండి!"

ఈ మాట అనని నాయకుడు మన రెండు రాష్ట్రాల్లో ఒక్కడైనా ఉన్నాడా? ఎన్నికలొస్తే నడుం బిగించాలి. వరదలొస్తే నడుం బిగించాలి. ధరలు పెరిగితే నడుంతో పాటు డొక్కలూ బిగించాలి. చెప్పే పెద్దమనిషి నడుము ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆయన టైలరుకైనా తెలుసా? సరే, పోనివ్వండి. ఇన్నేళ్లు విని విని నాకూ బుద్ధి పుట్టింది. బిగిద్దాం అనుకున్నాను. ఉపన్యాసంలో బిగించినట్టు కాదు, నిజంగానే. తోలు బెల్టు కొని.

మా బాల్కనీలో ఒక ర్యాక్, ఒక బార్, నాలుగు జతల ప్లేట్లు ఉన్నాయి. దాన్ని నేను హోమ్ జిమ్ అంటాను. ఇంట్లోవాళ్లు 'ఆ ఇనప సామాను' అంటారు. రెండు రోజులు ముట్టుకోకపోతే మూడో రోజు దాని మీద దుప్పట్లు ఆరుతుంటాయి.

బయట జిమ్‌లు లేవా అంటారా? ఎందుకు లేవు! 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. దేశమంతా కండలు పెంచాలన్నారు. మంచిదే కదా అని జిమ్‌కి పోతే ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. చెమట నీదే, దాని మీద పన్ను మాత్రం వాళ్లది. ఇలా ఆరేళ్లు నడిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5 శాతానికి దించారు. పండగ చేసుకోమన్నారు. మరి మీ జిమ్ ఫీజు తగ్గిందా? మా వీధి చివర జిమ్ నడిపే కుర్రాణ్ణి అడిగాను. "ఏసీ బిల్లు పెరిగింది సార్" అన్నాడు. ఇన్‌పుట్ క్రెడిట్ ఎత్తేశారు, అందుకే తగ్గించలేదని లెక్క చెబితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ ఏసీ ఎక్కడిది నాయనా? అక్కడున్నవి రెండు ఫ్యాన్లు. అందులో ఒకటి తిరగదు.

అందుకే బాల్కనీ. అందుకే బెల్టు.

ఆన్‌లైన్‌లో వెతికాను. అసలు ధర 3,999. దాన్ని అడ్డంగా కొట్టేశారు. 'మీకు మాత్రమే' 1,499. మీకు మాత్రమే అంటే ఫోను ఉన్న ప్రతివాడికీ అని అర్థం. పక్కన ఎర్రగా గడియారం కొట్టుకుంటోంది: ఆఫర్ 6 నిమిషాల్లో ముగుస్తుంది! మర్నాడు చూశాను. ఇంకా 6 నిమిషాలే ఉంది. కాలాన్ని ఆపడం రుషులకే సాధ్యం కాలేదు, వీళ్లు ఆపేశారు. ఇలా లేని తొందర పుట్టించడం సహా 13 రకాల మాయలు చేయరాదని వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. పాపం, గడియారానికి గెజిట్ చదవడం వచ్చినట్టు లేదు. బేరం ఆడదామంటే అటువైపు మనిషి లేడు. చెప్పినంతా నోరెత్తకుండా కట్టేశాను.

బెల్టు మీద బంగారు అక్షరాలు. 'హండ్రెడ్ పర్సెంట్ జెన్యూన్ లెదర్'.

ఈ జెన్యూన్ అన్న మాట ఉంది చూశారూ, నేతి బీరకాయలో నెయ్యి లాంటిది. గొడ్డు తోలు మందంగా ఉంటుంది. దాన్ని మిషన్ మీద పొరలుగా చీలుస్తారు. పైపొరలో నారలు ఒకదాన్నొకటి పెనవేసుకుని బిగుతుగా ఉంటాయి. ఫుల్ గ్రెయిన్ అనేది ఇదే. బెల్టుకి కావలసింది ఇదే. అడుగు పొర వదులు, బలం తక్కువ. దాని మీద ప్లాస్టిక్ పూత పూసి, రోలర్‌తో రంధ్రాల డిజైను అచ్చు వేస్తే అదీ 'జెన్యూన్' అయిపోతుంది. ఇంకా కిందికి దిగండి. ఫ్యాక్టరీలో ఊడ్చిన తోలు తుక్కుని పొడి చేసి, జిగురులో కలిపి, రేకులా పరుస్తారు. దానికి బాండెడ్ లెదర్ అని ముద్దు పేరు. మొత్తానికి జెన్యూన్ అంటే ఏమిటయ్యా? ఈ వ్యవహారంలో ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు, ఒక గొడ్డు ఉందని. అంతే! పోయినసారి ఇంకో పార్టీలో ఉండి ఈసారి మీ వార్డుకి కండువా మార్చుకుని వచ్చిన 'నిఖార్సయిన కార్యకర్త' లాగా అన్నమాట.

మరి సమీక్షలు చదవలేదా అంటారు. చదివాను. "డెలివరీ సూపర్. ఇంకా వాడలేదు." అయిదు నక్షత్రాలు. "తమ్ముడికి గిఫ్ట్ ఇచ్చా. హ్యాపీ." అయిదు నక్షత్రాలు. "ప్యాకింగ్ బాగుంది." అయిదు. మనం నక్షత్రాలు ఇచ్చేది బెల్టుకా, అట్టపెట్టెకా? దొంగ సమీక్షల్ని అరికట్టడానికి ప్రభుత్వం 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. చాలా కట్టుదిట్టంగా రాశారు. ఒక్కటే చిన్న మెలిక. పాటించడం స్వచ్ఛందం. దొంగలారా, మీకు తీరిక ఉన్నప్పుడు దయచేసి దొంగతనం మానండి!

మూడో నెల. బెల్టు అంచు విచ్చుకుంది. పొర మీద పొర, తాపేశ్వరం మడత కాజా లాగా. (కాజా మన్నించాలి. దాంట్లో కనీసం పాకం ఉంటుంది.) ఫిర్యాదు పెట్టాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 48 గంటలెందుకు, నాలుగు సెకన్లలో చెప్పారు! "ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." నెల గడిచింది. రెండో నెల గడిచింది. వాళ్లింకా చింతిస్తూనే ఉన్నారు. ఆ చింతతో మా ఇంట్లో ఏడాది పొడుగునా పులుసు కాచుకోవచ్చు.

తప్పు నాదేనంటారా? ఉంది, కొంత ఉంది. ఎందుకు కొంటున్నానో తెలియకుండా కొన్నాను. నాకు చెప్పింది ఎవరు? రీల్ గురువు. చొక్కా లేని మనిషి. ఆయన ఇంట్లో చొక్కాలు లేవేమోనని జాలి కూడా పడ్డాను. "బ్రో, బెల్టు లేకపోతే నీ వెన్ను ఫసక్ బ్రో. లింక్ బయోలో ఉంది బ్రో."

బెల్టు వెన్నుకి ఊతకర్ర కాదు బ్రో. అది పొట్టకి గోడ. బరువు ఎత్తే ముందు ఛాతీలోకి కాదు, పొట్టలోకి ఊపిరి పీల్చి బిగబట్టాలి. పొట్ట ముందుకీ పక్కలకీ ఉబ్బి బెల్టుని నెట్టాలి. బెల్టు కదలదు. అప్పుడు కడుపు లోపల ఒత్తిడి పెరుగుతుంది. వెన్నుకి దన్ను ఆ ఒత్తిడే. అంటే పని చేసేది పొట్ట. నెట్టడం రాని పొట్టకి ఎంత ఖరీదు బెల్టు కట్టినా ఏం లాభం? ముందు కొన్ని నెలలు బెల్టు లేకుండా ఎత్తడం నేర్చుకోవాలి. తర్వాత కూడా ప్రతి సెట్టుకీ అక్కర్లేదు, మోయగలిగిన దాంట్లో దాదాపు 80 శాతం దాటిన బరువులకి చాలు. ఇంకో మాట. ఊపిరి అలా బిగబడితే రక్తపోటు అమాంతం లేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా దీని జోలికి పోకూడదు. ఈ ముక్క ఏ రీల్‌లోనైనా విన్నారా? 30 సెకన్ల రీల్. 25 సెకన్లు కండలకి. మిగిలిన 5 డిస్కౌంట్ కోడ్‌కి. మీ రక్తపోటుకి టైమెక్కడిది?

దుకాణాల్లో వేలాడే బెల్టులు చూడండి. వీపు దగ్గర జానెడు వెడల్పు, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ప్యాంటు బెల్టంత. గట్టిగా నెట్టాల్సింది ముందు వైపు కదా? గోడ అక్కడే లేదు! ఇల్లు కట్టి ముఖద్వారం దగ్గర గోడ మరిచిపోయిన కాంట్రాక్టరు తెలివి. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎఫ్ నిబంధన సూటిగా ఉంటుంది: వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు, అంతకు మించకూడదు. అందుకే ఆ ఆటవాళ్లు చుట్టూ ఒకే వెడల్పు ఉన్నదే కడతారు. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ ఎత్తేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి 12 సెంటీమీటర్ల దాకా అనుమతి ఉంది, బార్ ఒంటికి రాసుకుంటూ పోవాలి కాబట్టి ముందు సన్నగా ఉన్నదే వాళ్లకి నప్పుతుంది. ఇంట్లో మనలాంటి వాళ్లకి 10 మిల్లీమీటర్ల మందం దండి. 13 మిల్లీమీటర్లది కొత్తలో పక్కటెముకల్ని పలకరిస్తుంది, ఆ పలకరింపు నెలల తరబడి ఉంటుంది.

బకిల్ సంగతి. ఒంటి ముల్లుది చాలు. జంట ముళ్లది చూడటానికి బందోబస్తుగా ఉంటుంది గానీ రెండు ముళ్లూ ఒకేసారి కన్నాల్లో పడేసరికి సెట్టు చేసే ఓపిక పోతుంది. లివర్ బెల్టు టక్కున బిగుస్తుంది, టక్కున ఊడుతుంది. కాకపోతే ఆదివారం బిర్యానీ తిన్నాక సైజు మార్చాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. సైజంటే గుర్తొచ్చింది. ప్యాంటు సైజు చెప్పి కొనకండి. ప్యాంటు మనం పొట్ట కింద కడతాం, ఆత్మగౌరవం కోసం. బెల్టు బొడ్డు మీద కట్టాలి. నా ప్యాంటు 34. టేపు పెట్టి బొడ్డు దగ్గర కొలిస్తే 38. ఆ నాలుగంగుళాల అబద్ధం ఇన్నాళ్లూ ఎవరికి చెబుతున్నాను?

ఆడవాళ్ల బెల్టులు వేరే ఉన్నాయి. అదే బెల్టు. గులాబీ రంగు. అంతే తేడా. తుంటికీ పక్కటెముకలకీ మధ్య చోటు తక్కువ ఉన్నవాళ్లకి ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పుది సుఖంగా ఉంటుంది, ఆడైనా మగైనా. అది చెప్పేవాడు లేడు. రంగు పూసేవాడు ఉన్నాడు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. గులాబీ రంగు చూసుకుని ఎత్తిందా? ఆ ఒక్క కంచు పతకాన్ని పట్టుకుని ఎన్ని వందల క్రీడా దినోత్సవ ఉపన్యాసాలు లాగించారు! విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అని ఒక ఊరుంది. ఊరికి ఊరే బరువులెత్తుతుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. పిల్లలు బరువులెత్తుతారు. పతకం వచ్చిన రోజు నాయకులు వచ్చి పతకం ఎత్తుతారు, ఫొటో కోసం. మర్నాటి నుంచి బరువు మళ్లీ పిల్లలదే.

అసలు బరువు ఎవరిది, బెల్టు ఎవరికి? అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. గోదాముల్లో సిబ్బందికి కట్టబెట్టే నడుం బెల్టులు గాయాల్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని 1994లోనే తేల్చింది. 2000లో 160 దుకాణాల్లో తొమ్మిది వేల మందికి పైగా కార్మికుల్ని అడిగి చూసి మళ్లీ అదే మాట చెప్పింది. అవి సాగే గుడ్డ బెల్టులు. మన తోలు బెల్టు పని వేరు, ఒప్పుకుంటాను. కానీ యజమాని తెలివి చూడండి. బస్తా బరువు తగ్గించడు. మనుషుల్ని పెంచడు. నడుముకి ఒక పట్టీ కట్టి చేతులు దులుపుకుంటాడు.

మన దగ్గర ఆ పట్టీ ఖర్చు కూడా లేదు లెండి. గుంటూరు మిర్చి యార్డుకి పోండి. వరంగల్ ఏనుమాములకి పోండి. హమాలీ బెల్టు ఏమిటి? తువ్వాలు. తలకి చుడితే పాగా. నడుముకి బిగిస్తే దట్టీ. మధ్యాహ్నం పరిస్తే పరుపు. ఫుల్ గ్రెయిన్ కాదు, జెన్యూన్ మాత్రం నిజంగా జెన్యూన్. కోస్తాలో ధాన్యం బస్తా లెక్క 75 కిలోలు. ఒక మనిషి మోసే బరువు 55 కిలోలు దాటితే తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. గాయమయ్యేంత బరువు మోయించరాదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో అప్పట్లోనే రాసుకున్నాం. బస్తా ఈ రెండూ చదివిందా? ఇంతకీ నా బార్ మీద ఆ రోజున్నది 60 కిలోలు. దానికి బెల్టు, చేతులకి సుద్ద, చెవుల్లో డప్పు పాట, ఫోనులో వీడియో.

విచ్చుకున్న బెల్టు పట్టుకుని చివరికి మా చౌరస్తాలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఏంది సార్ ఇది, నడుం నొప్పి పట్టీనా?"

"కాదు. బరువులెత్తేటప్పుడు కట్టుకునేది."

కత్తి మొనతో అంచు లేపాడు. వాసన చూశాడు. "తోలు గాదు సార్. పైన రెగ్జిన్, నడిమిట్ల అట్ట. కొనేటప్పుడు కోసిన అంచు చూడాలె. తోలైతే లోపటిదాంక నార కనవడ్తది. రెండు పొరలు గలిపి కుట్టినా ఏం గాదు, రెండూ తోలే అయ్యుండాలె."

1,499 రూపాయల్లో ఎవరూ చెప్పని మాట. ఉచితంగా.

వాళ్ల నాయన లంద దగ్గర పనిచేసేవాడట. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన గుంతలో తోలుని వారాల తరబడి ఊరబెట్టేవాళ్లు. బెల్టుకి కావలసిన బిరుసూ మందమూ ఆ పద్ధతిలో ఊరిన తోలుకే బాగా వస్తాయి. ఇవాళ విదేశీ కంపెనీలు దాన్నే 'వెజిటబుల్ టాన్డ్, హెరిటేజ్' అని పేరు పెట్టి నాలుగింతల ధరకి అమ్ముతున్నాయి. (ఆ వెజిటబుల్ మాట చూసి మా అపార్ట్‌మెంట్ పెద్దమనిషి ఒకాయన, "అయితే మన ఇళ్లలో వాడొచ్చన్నమాట" అని సంతోషించాడు.) తంగేడు పువ్వుని తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. బతుకమ్మలో పేర్చి మురిసిపోతాం. చెక్క దంచిన చేతుల్ని ఎక్కడ పెట్టాం? ఊరి బయట, గాలి ఊరివైపు వీచని దిక్కున. ఆ లంద పక్కనుంచి ముక్కు మూసుకుని పోయిన తాతగారి మనవడే ఇవాళ పార్శిల్ విప్పి, బెల్టు ముక్కు దగ్గర పెట్టుకుని, "అబ్బ! ప్యూర్ లెదర్ స్మెల్" అంటున్నాడు.

చర్మకారుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో లిడ్‌క్యాప్ అని ఒక కార్పొరేషనే పెట్టారు. లెదర్ పార్కులన్నారు. శిక్షణ అన్నారు. మీరెప్పుడైనా ఆ పార్కులో తయారైన బెల్టు కొన్నారా? పోనీ, చూశారా? తోలు కాన్పూరుది, రాణిపేటది. ఆట సామాను జలంధరుది, మీరట్‌ది. మన వాటాకి వచ్చింది ఏమిటి? కొనడం. తర్వాత చింతించడం. ఇన్ని హామీలు మీద పడ్డా చెక్కుచెదరని చర్మాలు సచివాలయాల్లో ఉన్నాయి. వాటి మందం 13 మిల్లీమీటర్లలో తేలుతుందా?

పెద్దాయన అంచులకి జిగురు రాసి, దారానికి మైనం పట్టించాడు. దబ్బనం గుచ్చుతూ అడిగాడు.

"ఎవరియి సార్ ఆ బరువులు?"

"నావే."

"ఎత్తి ఏడ వెడ్తరు?"

"మళ్లీ అక్కడే దించుతాను."

దబ్బనం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. ఆయన నవ్వలేదు, నేనూ ఇంకేం చెప్పలేదు. అరగంట కూర్చుని బెల్టు చుట్టూ కుట్టు వేశాడు. కంపెనీ వేసిన కుట్టు కన్నా దగ్గరగా, తిన్నగా.

"ఎంత?"

"అరవై ఇయ్యున్రి సార్."

అలవాటు కదా, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నలభై తీసుకో."